హైపర్ అంటే ఎక్కువ

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళంతా అంటారు. నిజమే. కానీ మనుషుల మీద కన్నా మాటల మీద వచ్చిన కోపమే నాకు ఎక్కువ. అది మొదలైంది గుంటూరులో, ఇంటర్మీడియెట్ బైపీసీలో చేరిన కొత్తల్లో. తొంభైల చివరి మాట.

పదో తరగతి దాకా సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివాను. క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని. ద్రవాభిసరణం అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. గుంటూరు కాలేజీలో ఆ పాఠమే ఇంగ్లీషులో చెబుతుంటే, ఇది నాకు తెలిసిన పాఠమే కదా అని పోల్చుకోవడానికే చాలా రోజులు పట్టింది. మొదటి స్లిప్ టెస్టులో వచ్చిన మార్కులు చూసి హాస్టల్ బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఎవరు పెట్టారివి, ఇంత పొడుగు పేర్లు? పెట్టినవాడు కనిపిస్తే మిరపకాయల పొగ వేద్దామన్నంత కోపం.

ఆ కోపాన్ని మా జువాలజీ మేడమ్ దారికి తెచ్చింది. పొట్టిగా, బొంగురు గొంతుతో ఉండేది. మా మొహాలు చూసి, "మాట మొత్తం మింగబోతే గొంతుకు అడ్డం పడుతుంది. కందికాయ ఒలిచినట్టు ఒలవండి" అంది. బోర్డు మీద పెద్దక్షరాలతో హైపర్ అని రాసింది. ఇది గ్రీకు వాళ్ళ మాట, పైన, మించి, ఎక్కువ అని అర్థం, దీన్ని ఒక్కసారి నేర్చుకుంటే మీకు సగం పుస్తకం వచ్చినట్టే అంది. హైపర్‌టోనిక్ అంటే పక్కనున్న ద్రావణం కన్నా గాఢత ఎక్కువ ఉన్నది. కణాన్ని అందులో వేస్తే లోపలి నీళ్ళు బయటికి వచ్చేసి కణం ముడుచుకుపోతుంది. హైపర్‌ట్రోఫీలో ట్రోఫీ అంటే పోషణ, అంటే ఒక అవయవం ఉండాల్సిన దాని కన్నా లావెక్కడం. హైపర్‌మెట్రోపియాలో దూరంగా ఉన్నవి బాగా కనిపించి దగ్గరవి అలుక్కుపోతాయి. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఎంపీసీ. దాని లెక్కల పుస్తకంలో హైపర్‌బోలా ఉంది. తెలుగులో దాన్ని అతిపరావలయం అంటారట. ఆ మాట విన్నాక ఇంగ్లీషు మీద నా కోపం కొంచెం తగ్గింది.

ఆ రోజు నుంచి నాకు మాటలు ఒలవడం ఒక పిచ్చి అయింది. ఆ పిచ్చిని మా నాన్నకు అంటించాను.

మా నాన్న మిరప, పత్తి వేసేవాడు. కల్లంలో ఎండిన కాయల్ని బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి లారీలో వేసుకొచ్చిన ప్రతిసారీ నన్ను చూడ్డానికి హాస్టల్‌కి వచ్చేవాడు. ఆయన గేటు దాటాడని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చొక్కా నిండా మిరప దుమ్ముతో వచ్చేవాడేమో, విజిటర్ల గదిలో కూర్చున్న అమ్మాయిలు వరసపెట్టి తుమ్మేవాళ్ళు. అమ్మ ఇచ్చిన చేగోడీల డబ్బా నా చేతిలో పెట్టి, "ఏం పాఠం జరుగుతుంది అమ్మాయ్?" అనేవాడు. ఎనిమిదో తరగతిలో చదువు మానేశాడు గానీ, పాఠం అంటే ఆయనకు చెవికోసుకునేంత ఇష్టం.

"హైపర్‌ట్రోఫీ నాన్నా."

"అట్టయితే కప్పు ఇస్తారా?"

నేను విసుక్కుని, అది ఆ ట్రోఫీ కాదు అని మొదలుపెట్టి మొత్తం విడమరచి చెప్పేదాన్ని. చివర్న ఆయన "హైపర్ అంటే ఎక్కువ. అంతేగా" అని జేబులో వేసుకున్నట్టు తలూపి వెళ్ళిపోయేవాడు. ఊరికెళ్ళాక అమ్మ మీద వాడేవాడు. పండగ సెలవులకి నేను వెళ్ళేసరికి మా ఇంట్లో ఆ గ్రీకు మాట ఉప్పూ పప్పూ అన్నంత మామూలు మాట అయిపోయింది. "మీ అమ్మకి అనుమానం హైపర్ అమ్మాయ్" అని ఆయన. "ఈయనకి నోరు హైపర్" అని పొయ్యి దగ్గర నుంచి అమ్మ. పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు చేలోంచి వచ్చి అరుగు మీద కూలబడి, "పురుగు హైపర్. కాయ మాత్రం... దానికి ఎదురు మాట ఏందే?" అని అడిగాడు. హైపో అని చెప్పాను. "అదీ. హైపో" అన్నాడు. ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్ళలో పత్తి వేసినవాళ్ళు చాలామంది నవ్వలేదు. మా నాన్న నవ్వాడు, మేము చూస్తున్నాం కాబట్టి.

ఆయనకు తలనొప్పి ఎప్పుడు మొదలైందో మాకు సరిగ్గా తెలీదు. చేలో మందు కొట్టి వచ్చాక కణతలు నొక్కుకుంటూ కూర్చునేవాడు. మందు ఘాటు అనుకున్నాం. కల్లం రోజుల్లో వస్తే మిరప ఘాటు అనుకున్నాం. మిగతా రోజుల్లో వస్తే ఎండ. మా వైపు ఏ జబ్బయినా ముందు వేడి చేయడమే. ఒళ్ళు మండినా, తల తిరిగినా, మూత్రం పచ్చగా వచ్చినా, నోరు పూసినా వేడి చేసింది అంటారు. వేడి చేసినదానికి చలవ చేసేది ఇవ్వాలి. మజ్జిగలో ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, పెద్ద గ్లాసుతో అమ్మ ఇచ్చేది, ఆయన గటగటా తాగి మళ్ళీ చేలోకి వెళ్ళేవాడు. తగ్గకపోతే ఊళ్ళో ఆరెంపీ దగ్గర నొప్పి బిళ్ళలు. ఆ బిళ్ళలు పొగాకు పొట్లంలాగా ఆయన జేబులో ఎప్పుడూ ఉండేవి.

నేను డిగ్రీ, బీఈడీ అయి గుంటూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఓ రోజు అమ్మ ఫోన్ చేయించి, "మీ నాన్న కాళ్ళు వాచినయ్యే, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతుంది" అంది. గుంటూరు తీసుకురమ్మన్నాను. డాక్టరు ఒక చేతికి బీపీ చూసి, నమ్మకం లేనట్టు రెండో చేతికి కూడా చూశాడు. తర్వాత రక్తం, మూత్రం, స్కానింగ్. అన్నీ చూసి మెల్లగా చెప్పాడు. హైపర్‌టెన్షన్, చాలా ఏళ్ళ నుంచి ఉండి ఉంటుంది, ఎవరూ చూడలేదు, మూత్రపిండాలు రెండూ కుంచించుకుపోయాయి, ఇక అవి మళ్ళీ బాగుపడవు, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయాలి, చేస్తే కొన్నేళ్ళు బతకవచ్చు.

బయటకు వచ్చాక బల్ల మీద కూర్చుని నాన్న నా వంక చూశాడు. ఏ మాటనైనా ఒలిచి చెప్పేది నేనే కదా.

"హైపర్ అంటే ఎక్కువ, అది తెలుసు. టెన్షన్ ఎక్కువైతే కిడ్నీలు పోతాయా?"

"ఆ టెన్షన్ కాదు నాన్నా. రక్తనాళాల్లో ఒత్తిడి."

"పత్తి వేసినోడికి నరాల్లో కూడా అదే ఉండుద్ది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అమ్మకి సగమే అర్థమైంది. అయినా అసలు విషయం అందింది. ఆ రోజు నుంచి మా నాన్న ప్రాణం అమ్మ చేతిలోకి వెళ్ళింది. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎన్ని నీళ్ళివ్వాలి అన్నదాని మీదే ఆయన ఉండడం, పోవడం ఆధారపడి ఉందని డాక్టరు చెప్పింది ఆమెకే.

చేతికి చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాల్ని కలిపారు. మిషన్‌కి గొట్టాలు తగిలించేది అక్కడే. మణికట్టు దగ్గర వేలు పెడితే లోపల జుమ్మని అదురుతుండేది. "మోటారు ఆడుతుంది చూడు అమ్మాయ్. కరెంటు పోయినా ఆగదు" అని నా వేళ్ళు పట్టుకుని అక్కడ పెట్టేవాడు. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ అదే చూపించేవాడు. డయాలసిస్ మాటని కూడా ఒలిపించుకున్నాడు. డయా అంటే గుండా, లైసిస్ అంటే విడదీయడం అని చెబితే, "కల్లంలో తాలు కాయ ఏరెయ్యడమేగా" అన్నాడు.

ఓసారి పరీక్షల్లో కొత్త మాట తగిలింది. హైపర్‌కెలీమియా. ఇంటికొచ్చి పుస్తకం చూసి చెప్పాను. హైపర్ ఎక్కువ, కేలియం అంటే పొటాషియం, ఈమియా అంటే రక్తంలో. రక్తంలో పొటాషియం ఎక్కువవడం. నాన్న కళ్ళు పెద్దవి చేశాడు.

"పొటాషా? మనం మిరపకి వేస్తామే, ఆ పొటాషేనా?"

"ఆ. అదే."

"నా ఒంట్లో పొటాష్ ఎక్కువైందా! అయితే ఈ ఏడు కాయ బాగా రంగు తేలుద్దిలే" అని అమ్మ వైపు తిరిగి నవ్వాడు. అమ్మకు నవ్వు రాలేదు. పొటాష్ ఎక్కువైతే ఏమవుతుందో చెప్పమంది. గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పినట్టే చెప్పాను. అది వేటిల్లో ఉంటుందో చెప్పమంది. డాక్టరు చెప్పినవన్నీ చెప్పాను. పళ్ళు, పళ్ళరసాలు, టమోటా, ఆకుకూరలు, దుంపలు.

మా అమ్మ అంత కాపలా ఇంకెవరూ కాయలేరు. కూరగాయలు ముక్కలు కోసి, నీళ్ళు పోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడికించి, అప్పుడు తాలింపు వేసేది. అందులో రుచి ఏముంటుంది? ఆయన మాట్లాడకుండా తినేవాడు. ఇంట్లో పచ్చళ్ళ జాడీలు పిన్ని వాళ్ళింటికి పంపించేసింది. జీవితమంతా పండుమిరప పచ్చడితో మొదటి ముద్ద తిన్న మనిషి ఎదురుగా తను తినలేక తనూ చప్పిడి కూడే తినేది. మందలిద్దామని నోరు తెరిస్తే, "నీకేం తెలుసు నోర్మూసుకో" అనేది. నా కోపం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసేది.

చుట్టాలు వచ్చేవాళ్ళు. జబ్బు మనిషిని చూడ్డానికి చేతులూపుకుంటూ రావడం మా వైపు మర్యాద కాదు. బత్తాయిలు, యాపిల్స్, దానిమ్మ పళ్ళు, హార్లిక్స్ సీసాలు తెచ్చేవాళ్ళు. అమ్మ వాళ్ళ ముందే సంచి తీసి వెనక్కి ఇచ్చేసేది. కొందరు చిన్నబుచ్చుకున్నారు. "రోగి కోసం ప్రేమగా తెచ్చింది తిప్పికొడతావేంటి వదినా" అన్నారు. "మీ ప్రేమ నాకొద్దు, ఆయన నాకు కావాలి" అని మొహం మీదే అనేసింది మా అమ్మ. ఆ మాట ఊళ్ళో కొన్నాళ్ళు నలిగింది.

అన్నిటికన్నా కష్టం నీళ్ళు. పొద్దున్నే ఒక చిన్న చెంబు నింపి, దాని మీద మూత పెట్టి, ఆయన మంచం పక్కన స్టూలు మీద ఉంచేది. రోజంతటికీ అవే. మాత్రలు వేసుకోవడానికీ అవే. చలికాలం ఫరవాలేదు. మా పల్నాడు వైపు మార్చి దాటితే గాలి కూడా కాలుతుంది. ఆయన ఆ చెంబు వంక చూస్తూ పడుకునేవాడు. మధ్యాహ్నానికి మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేసేవాడు. "ఒక గుక్క రేపటి దాంట్లోంచి ఇయ్యవే" అని బతిమాలేవాడు. అమ్మ ఇచ్చేది కాదు. తడి గుడ్డతో పెదవులు తుడిచేది. ఆయన కళ్ళ ముందు తను నీళ్ళు తాగడం మానేసింది. దాహమైతే దొడ్లోకి వెళ్ళి, గోడకు తిరిగి, గబగబా తాగి, మూతి తుడుచుకుని వచ్చేది. నేను శనివారాలు ఊరికెళ్ళినప్పుడు నన్నూ అలాగే తాగమంది.

అలా రెండేళ్ళ పైన నడిచింది. వారానికి రెండుసార్లు పొద్దున బస్సుకి ఇద్దరూ గుంటూరు వచ్చేవాళ్ళు. సాయంత్రం వాళ్ళని బస్టాండులో ఎక్కించి నేను గదికి వెళ్ళేదాన్ని. డయాలసిస్ గదిలో మా నాన్నకి స్నేహితులు తయారయ్యారు. పక్క మంచాల వాళ్ళ రిపోర్టులు చేతికి తీసుకుని, "ఇదిగో, ఇక్కడ హైపర్ అని ఉంది చూశావా? ఎక్కువ అని" అంటూ పాఠం చెప్పేవాడు. అనుమానం వస్తే నన్ను పిలిచేవాడు. నేను విసుక్కుంటూనే వెళ్ళి సరిచేసేదాన్ని. ఆ విసుగంతా ఉత్తదేనని ఆయనకు తెలుసు.

ఆ ఎండాకాలం, రోహిణి కార్తె రోజుల్లో, బాపట్ల వైపు నుంచి మా పెద్దనాన్న వరసాయన చూడ్డానికి వచ్చాడు. ఆయనకు మా అమ్మ సంగతి తెలుసు. పళ్ళు తెస్తే గడప దాటనివ్వదని తెలుసు. అందుకని కొబ్బరి బొండాలు తెచ్చాడు. "ఇది పండూ కాదు, ఉప్పూ కాదు. వట్టి నీళ్ళే. చలవ" అన్నాడు.

నిజానికి ఆ రోజు మా నాన్న బాగా లేడు. ఒంటి మీద దురద, ఎక్కిళ్ళు, కాళ్ళు లాగేస్తున్నాయని, ఒళ్ళంతా మండిపోతోందని మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. కరెంటు లేదు. చెంబులో నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. అమ్మ చూసింది. ఇంతమందిని తిప్పి పంపిన మనిషి, ఇన్ని నీళ్ళు లెక్కపెట్టి పోసిన మనిషి, ఆ బొండాల దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆగిపోక ఏం చేస్తుంది? మా అమ్మ పుట్టిన దగ్గర నుంచి చూసింది అదే. జ్వరం వచ్చినవాళ్ళకి కొబ్బరి నీళ్ళు, బాలింతరాలికి కొబ్బరి నీళ్ళు, వాంతులైన పిల్లకి కొబ్బరి నీళ్ళు. గుంటూరులో ఏ ఆస్పత్రి గేటు ముందు చూసినా బొండాల గుట్టే ఉంటుంది. మందుకన్నా ముందు రోగి నోట్లో పడేది అదే. పళ్ళరసాలు వద్దన్నప్పుడు డాక్టరు అందులో దీన్ని కూడా కలుపుకునే అన్నాడేమో. కానీ కొబ్బరి బొండాన్ని పండు అని మా జిల్లాలో ఎవరంటారు? అందులో పొటాష్ ఉంటుందని నాకే తెలీదు. నా పుస్తకాల్లో అది లేదు.

మర్నాడు డయాలసిస్ ఉంది. ఎలాగూ రేపు మిషను మీద కడిగేస్తారు కదా అనుకుంది అమ్మ. ఒక బొండాం కొట్టించి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, ఆమె వంక చూశాడట. ఆ చూపుకి ఇంకొకటి కొట్టించింది. తర్వాత ఇంకొకటి. ఆ సాయంత్రం ఎక్కిళ్ళు తగ్గాయి. కంటినిండా నిద్రపోయాడు.

పొద్దున బస్సుకి లేపితే లేవలేకపోయాడు. చేతులూ కాళ్ళూ మాట వినడం లేదన్నాడు. కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకొచ్చారు. పదో తరగతి వేసవి క్లాసుల కోసం స్కూల్లో ఉన్న నాకు కబురొచ్చి ఆటో ఎక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. గుడ్డ కప్పేశారు. నేను గుడ్డ తీసి మణికట్టు మీద వేలు పెట్టి చూశాను. అదరడం లేదు.

బయట వరండాలో నన్నొక కుర్ర డాక్టరు పక్కకు పిలిచాడు. మంచివాడు, రెండేళ్ళుగా మమ్మల్ని ఎరిగినవాడు. ఇంగ్లీషులో చెప్పాడు. హైపర్‌కెలీమియా, పొటాషియం బాగా పెరిగిపోయింది, గుండె ఆగింది, మేము చేయగలిగింది లేకపోయింది, నిన్న పళ్ళు గానీ, జ్యూసులు గానీ, కొబ్బరి నీళ్ళు గానీ ఏమైనా ఇచ్చారా అని అడిగాడు. నేను ఏదో చెప్పేలోగా, రెండడుగుల వెనకే ఉన్న అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఆయన తెలుగులో అడిగాడు.

"నిన్న ఏం పెట్టారమ్మా?"

అమ్మ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కూర రెండుసార్లు ఉడకబెట్టి వార్చానంది. ఉప్పు వేలితో కూడా తగిలించలేదంది. పండు ఇంట్లోకే రానివ్వలేదంది. "కొబ్బరి నీళ్ళు మాత్రం పోశాను బాబూ. వేడి చేసి గిలగిల్లాడిపోతుంటే చూడలేకపోయాను" అంది.

డాక్టరు మొహం మారింది. ఆ పెదవులు కదలబోవడం నాకు కనిపించింది. ఇంగ్లీషు అంటే భయపడీ, కోప్పడీ, ఇన్నేళ్ళూ పుస్తకంలో తప్ప నోటితో మాట్లాడలేని నేను ఆ క్షణంలో ఒక్క తప్పు లేకుండా మాట్లాడాను. దయచేసి ఆవిడకు చెప్పకండి, ఎప్పటికీ చెప్పకండి అన్నాను. ఆయన నా వంక, అమ్మ వంక చూశాడు. "గుండె ఆగిపోయిందమ్మా. మీరు బాగా చూసుకున్నారు" అని చెప్పి గబగబా వెళ్ళిపోయాడు. ఆ పిల్లవాడి మేలు నేను మర్చిపోను.

కానీ మా అమ్మకి ఆ గ్రీకు మాట వచ్చు. నాన్న నేర్పాడు.

"హైపర్ అన్నాడుగా. ఏం ఎక్కువైందంట?" అంది నా చెయ్యి పట్టుకుని.

ఎన్ని మాటలు ఒలిచాను! ఎంతమందికి చెప్పాను! ఆ ఒక్క మాటని ఒలవకుండా నోట్లోనే నొక్కిపెట్టాను. ఒలిస్తే అందులోంచి పొటాష్ వస్తుంది. పొటాష్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. అక్కడి నుంచి ఆ బొండాల దగ్గరికి ఎంతో దూరం లేదు.

"హైపర్‌టెన్షన్ అమ్మా. బీపీ ఎక్కువైంది" అన్నాను.

ఆమె తలూపింది. ఆ తర్వాతే ఏడ్చింది.

అబద్ధంతో పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. నేను అమ్మని గుంటూరు తెచ్చుకున్నాను. పొద్దస్తమానం ఆమె తన తప్పు వెతుక్కునేది. స్కూలు నుంచి వచ్చి నేను చెప్పులు విప్పుతుంటేనే మొదలుపెట్టేది. "బీపీ అంటే ఉప్పేగా. ఆదివారం చారులో చెయ్యి జారిందేమోనే." కాదమ్మా అనేదాన్ని. "పొద్దుటి బిళ్ళ ఆలస్యంగా వేశానా?" కాదమ్మా. "వార్చేటప్పుడు నీళ్ళు పూర్తిగా పోలేదేమో." కాదు, కాదు, నీ వల్ల ఏమీ కాలేదు. "నీళ్ళ కోసం అంతగా ఏడిపించకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేవాడా?" అంది ఒకరోజు. కోపం నటించి, "ఇక ఆపుతావా లేదా!" అని అరిచాను. అరిచి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆమె ఆ రోజు చేసినవన్నీ ఒక్కొక్కటిగా తీసి చూస్తోంది. ఏదో ఒకరోజు ఆ బొండాల దగ్గరికి వస్తుందని నాకు తెలుసు. వచ్చినప్పుడు నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలీక, ఆమె నోరు తెరిచిన ప్రతిసారీ ఏదో పని కల్పించుకుని లేచేదాన్ని. క్లాసులో పిల్లలకి పాఠం చెబుతూ హైపర్ అన్న మాట వస్తే మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు.

ఆ రోజు మరుసటి వేసవిలో వచ్చింది. నేను ఎండలో స్కూలు నుంచి నడిచి వచ్చాను. పదో తరగతి పేపర్లు దిద్దడంతో తల పగిలిపోతోంది. అమ్మ వీధిలో బండివాణ్ణి ఆపి, బొండాం కొట్టించి తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాని వంక చూస్తూ కూర్చున్నాను.

"అన్నీ ఆలోచించానే" అంది, నా పక్కన కూర్చుని. ఆమె గొంతులో ఏడాదిగా లేని నెమ్మది ఉంది. "మీ నాన్నకి నేను పెట్టింది లేదు, సుఖపెట్టింది లేదు. ఉప్పు తీసేశా. కారం తీసేశా. గుక్కెడు నీళ్ళకి ఏడిపించా. ఆ ఒక్కటే మంచి పని చేశా అమ్మాయ్. ఆ రోజు కడుపారా తాగాడు. మూడో కాయ తాగి, 'చాలే, ప్రాణం లేచొచ్చింది' అన్నాడు. అది తల్చుకునే బతుకుతున్నా. దాహంతో మాత్రం పంపలేదుగా?"

నా జవాబు కోసం నా మొహంలోకి చూస్తోంది.

"లేదమ్మా. చాలా మంచి పని చేశావు" అన్నాను.

"అయితే తాగు. చల్లగా ఉంది" అని బొండాం నా చేతికిచ్చింది. ఆమె చూస్తుండగా, ఆపకుండా, మొత్తం తాగాను.